చప్టా అవతల టార్చి

కెరోకా కొండ,
1997 సెప్టెంబరు 14

కోడలు బోసిబోరికి మామ మోకువా రాసేది.

ఈ ఉత్తరం నేనే రాస్తున్నాను, ఎవరిచేతా రాయించలేదు. ముసలితనంలో వయోజన బడికి పోయి, పిల్లల బల్ల కింద మోకాళ్ళు పట్టక పట్టక కూర్చుని నేర్చుకున్న అక్షరాలు ఇవి. తప్పులుంటే నువ్వు నవ్వుకో. మొమాన్యికి మాత్రం చూపించకు. కన్నకొడుకే కానీ లెక్కల మాస్టారు. తండ్రి ఉత్తరానికి కూడా ఎర్రసిరాతో మార్కులు వేసే రకం.

నకూరు పాత కార్ల సంఘం పత్రిక పంపావు, అందింది. కొత్తగా చేరినవాళ్ళు తమ వయసు, బతుకు, సరదాలు, తిరిగిన దారులు రాసి పంపాలట. మిగతావాళ్ళు రాసుకున్నవి కూడబలుక్కుని చదివాను. ఒకాయన పళ్ళ డాక్టరు. అరవై రెండేళ్ళు. చేపలు పడతాడు. తన కారులో మొంబాసా దాకా వెళ్ళొచ్చాడట, అదొక గొప్ప. తారురోడ్డు మీద మొంబాసాకి మీ అత్తయ్య కెరూబో కూడా తోలగలదు, ఆవిడకి గేరంటే ఏమిటో తెలియదు.

నాది ఇలా రాయి. నీ చేతిరాత బాగుంటుంది.

పేరు మోకువా ఒంబాసా. మిడతలు దిగి రాగిచేలు నున్నగా మేసిపోయిన ఏడు పుట్టానని మా అమ్మ చెప్పేది. గుర్తింపు కార్డు గుమాస్తా నా మొహం చూసి జనవరి ఒకటి అని వేశాడు. మా ఊళ్ళో మగాళ్ళందరం జనవరి ఒకటినే పుట్టాం. అరవై ఆరు అని వెయ్యి, ఒకటి అటూ ఇటూ అయితే నేనేం గొడవ పెట్టుకోను. బతుకంతా సహకార సంఘం లారీ తోలాను. మొదట కాఫీ, తర్వాత తేయాకు. ఒక్కసారి కూడా బోల్తా కొట్టలేదు. సరదా అంటే కారు తుడుచుకోవడం. తిరిగిన దారులు అడగొద్దను, ఏ దారి తిరగలేదో అడగమను. కారు బూడిదరంగు ప్యూజో 404. నేను కొన్నాక దాని స్టీరింగు మీద ఇంకొకరి చెయ్యి పడలేదు. ఈ చివరి ముక్క పెద్ద అక్షరాల్లో వేయించు.

సంఘం పెద్ద బచన్ సింగ్ గ్యారేజీలో నన్ను ఏమన్నాడో తెలుసా? "ఒకే ఊరికి మామ ఒక బండి, కోడలు ఒక బండి. ఏం ముసలోడా, పెట్రోలు బావి దొరికిందా?" అన్నాడు. మన ఎన్సోని, అదే మామాకోడళ్ళు దూరం పాటించే మర్యాద, అతనికేం తెలుసు. కోడలు మామ పక్క సీట్లో కూర్చోదని, చేతికి చెయ్యి తగలనివ్వదని, మామని గొంతెత్తి పిలవదని చెప్పాను. "మరి మీకు కబుర్లు ఎలా?" అన్నాడు. మనింట్లో కార్ల గురించి నాతో మాట్లాడగలిగినది నువ్వొక్కదానివే, మాట్లాడకూడనిదీ నీతోనే. ఎదురుపడితే "టీ తాగారా" అన్నదాకానే. కాగితానికి ఆ సిగ్గు లేదు కాబట్టి రాస్తున్నాను.

ఇంకొకటి. ఈమధ్య బస్సులన్నీ ముందు నాలుగేసి దీపాలతో వస్తున్నాయి. ఎదుటివాడి కళ్ళు పోగొట్టాలని ఏ బుర్రలేనివాడికి తోచిందో. నకూరులో కూడా అంతేనా?

పెట్రోలు ట్యాంకు నింపుకునే ఉన్న,
మోకువా


నకూరు,
1997 సెప్టెంబరు 28

మామయ్యగారికి బోసిబోరి నమస్కారాలు.

మీ పరిచయం అచ్చుకి ఇచ్చాను. ఒక్క ముక్క మార్చలేదు. పళ్ళ డాక్టరు గురించి రాసింది మాత్రం మన మధ్యనే ఉంచాను, ఆయన ఇప్పుడు నా పన్ను చూస్తున్నారు.

నా పరిచయం కూడా అందులోనే వస్తుంది. ముప్ఫై ఒక్క ఏళ్ళు, భూముల కొలత ఆఫీసులో టైపిస్టుని, నాన్న బస్సు కింద పడుకుని గ్రీజు పూసుకుంటూ పెరిగాను, ఇప్పుడు పాత డాట్సన్ పికప్ ఉంది అని రాశాను. సంఘంలో ఆడదాన్ని నేనొక్కదాన్నే. మొన్న సమావేశంలో నన్ను చూసి ఒకాయన టీ ఇంకో కప్పు తెమ్మన్నాడు. తెచ్చి ఇచ్చాను. తర్వాత ఆయన కారు స్టార్టు కాకపోతే బానెట్ ఎత్తి బాగుచేసి, టీ బాగుందా అని అడిగాను.

మీ అబ్బాయి షరా మామూలే. ఆదివారం చర్చికి నా బండిలో ఎక్కించుకెళ్తే మూడో మలుపులోనే వాంతికి తల బయటపెట్టారు. "మా నాన్న కడుపున పుట్టి, నిన్ను చేసుకుని, నేను చేసిన పాపం ఏమిటి?" అని ఆయన బాధ. కాబట్టి డిసెంబరులో సంఘం వాళ్ళ బరింగో సరస్సు యాత్రకి మనింటి నుంచి మనిద్దరమే, మన రెండు బళ్ళే.

ఒక సంగతి ఆలోచించాను. ఈ ఏడు వానలు తగ్గేలా లేవు, ఆ దారిలో ఏళ్ళ మీద చప్టాలే కానీ వంతెనలు లేవు. నీళ్ళు పారుతుంటే ఒకరు ముందు నడిచి లోతు చూడాలి. ఆ పని నాది. కానీ అవతలి గట్టు నుంచి మిమ్మల్ని కేకేసి పిలవలేను కదా. అందుకని రెండు టార్చీలు కొన్నాను. ఒకటి వెలిగిస్తే ఆగిపోండి. రెండూ వెలిగిస్తే వచ్చేయండి.

నకూరులో బస్సులకి రెండు దీపాలే మామయ్యగారూ. తప్పుగా అనుకోకండి. ఒకసారి కళ్ళు చూపించుకోకూడదా? మీరు రాత్రిపూట తలుపు గొళ్ళెం తడుముతున్నారని అత్తయ్య కబురు చేసింది.

మీ కోడలు,
బోసిబోరి


కెరోకా కొండ,
1997 అక్టోబరు 19

బోసిబోరీ,

టార్చీల ఆలోచన బాగుంది. ఒకటి అయితే ఆగడం, రెండయితే రావడం. లారీ రోజుల్లో మేం గుడ్డలు ఊపేవాళ్ళం, ఇది అంతకన్నా నయం.

కళ్ళ సంగతి నీకెందుకు? నేను నీ గేర్ల సంగతి అడిగానా? గొళ్ళెం తుప్పు పట్టింది, అందుకే తడిమాను. మీ అత్తయ్యతో ఆ మాటే అంటే, "గొళ్ళెం తుప్పుదే తప్పు, నిన్న దూడని కుక్క అనుకుని అదిలించావు, అది దూడ తప్పు" అంది. నలభై ఏళ్ళుగా ఆవిడ నోరు ఇంతే. నువ్వు ఆ నోటి వెంట పోకు.

డిసెంబరుకి సిద్ధంగా ఉంటాను. ముందు బండి నాది, వెనక బండి నీది. అక్షరాలు కొంచెం పెద్దవిగా రాయి. కాగితం పొదుపు చేసి చీమల్లా రాస్తున్నావు.

మోకువా


నకూరు,
1997 డిసెంబరు 18

మామయ్యగారికి,

మీ ఒంట్లో ఎలా ఉందో అత్తయ్య ద్వారా రెండు ముక్కలైనా తెలియజేయండి. దగ్గు తగ్గిందా?

మీ కారుని బచన్ సింగ్ మనుషులు ట్రాక్టరుతో ఏట్లోంచి లాగారు. చప్టా కింద బండరాయికి ఆనుకుని ఆగింది కాబట్టి దొరికింది. ఇంజను నిండా బురద. గ్యారేజీలో ఉంది. ఆయన తన చేత్తోనే విప్పుతానన్నారు.

మీ బట్టలు ఉతికి ఇస్త్రీ చేసి బస్సు కండక్టరు చేతికిచ్చి పంపాను. నేను నడుముకి చుట్టుకునే లెసో గుడ్డ తిరిగి పంపనక్కర్లేదు.

అక్కడికి చేరినవాళ్ళంతా ఏం జరిగిందని అడిగారు. ఒక టార్చి చూపించబోయి రెండు చూపించాను, తప్పు నాదే అని చెప్పాను. ఎవరైనా అడిగితే మీరూ అలాగే చెప్పండి.

ఇంతకన్నా రాయడానికి చెయ్యి రావడం లేదు.

బోసిబోరి


కెరోకా కొండ,
1997 డిసెంబరు 28

బోసిబోరీ,

అలాగే చెప్పమంటావేం? అలా కాక ఇంకెలా చెప్తాను? జరిగింది అదే కదా!

మారిగాట్ ఊరు దాటాక ఏటి మీద చప్టా. పైనుంచి ఎర్రటి వరద. సంఘం బళ్ళన్నీ టీ దుకాణం దగ్గర ఆగిపోయాయి. మనం ముందు పోదాం అన్నది నేనే, కాదనను. నువ్వు నీ బండి నా వెనక ఆపి, కర్ర పట్టుకుని నడుం లోతు నీళ్ళలో అవతలికి పోయావు. వాన కొడుతోంది, పొద్దు వాలుతోంది. అవతలి గట్టున రెండు వెలుగులు కనిపించాయి. నా రెండు కళ్ళతో చూశాను. రెండు. గేరు వేశాను. తర్వాత ఏరు నా కారుని అగ్గిపెట్టెలా ఎత్తుకుపోయింది.

ఇన్నేళ్ళు లారీ తోలి ఒక్క సైకిలుకి గీత పెట్టనివాణ్ణి. నీ చెయ్యి చేసిన తప్పుకి ఊరు నన్ను చూసి నవ్వుతోంది. బచన్ సింగ్‌కి రాసేశాను, నిన్ను ఇకమీద యాత్రలకి రానివ్వొద్దని. ఎన్ని వెలుగులు చూపించాలో తెలియని మనిషి దారిలో ఉండకూడదు.

రెండో సంగతి రాయలేను. రాస్తే కలం విరుగుతుంది. నీళ్ళలో కిటికీలోంచి నన్ను బయటికి లాగిందెవరో, గట్టు దాకా వీపు మీద మోసిందెవరో, తడి బట్టలు ఒంటి మీంచి తీసిందెవరో నాకు తెలుసు. కళ్ళు తెరిచేసరికి పూలపూల లెసోలో చుట్టి ఉన్నాను, పళ్ళ డాక్టరు నా పాదాలు రుద్దుతున్నాడు. నువ్వు నాకు వీపు తిప్పి నిలబడ్డావు. అది మంచిపని చేశావు.

ఆ ప్యాంటు బస్సులో పంపడం మాత్రం మంచిపని కాదు. కండక్టరు కెరోకా సంతలో దిగి, "మోకువా తాత ప్యాంటు! నకూరు కోడలు పంపింది! ఇస్త్రీ చేసి మరీ!" అని అరిచాడు. టమాటాలమ్మే ఆడవాళ్ళంతా విన్నారు. వారం నుంచి సంతకి పోలేదు.

పెద్దలతో మాట్లాడాను. ఎన్సోని తెగిపోయింది కాబట్టి మేకని కోసి ఆ మైల కడగాలి. జనవరి ఆఖరి శనివారం. నువ్వు రావాలి. మొమాన్యినీ తీసుకురా, వాడి కడుపు సంగతి వాణ్ణే చూసుకోమను.

మోకువా


నకూరు,
1998 జనవరి 17

మామయ్యగారికి,

మేక రోజున వస్తాం. బస్సులో.

సంఘానికి రాజీనామా ఇచ్చేశాను. మీరు రాయకముందే ఇచ్చాను కాబట్టి బచన్ సింగ్ మీద కోపం తెచ్చుకోకండి. ఆయన మీ ఉత్తరం నాకు చదివి వినిపించి, చాలాసేపు గడ్డం నిమురుకుని, "మీ ఇళ్ళలో పద్ధతులు నాకు అర్థం కావమ్మా" అన్నారు.

డాట్సన్ అమ్మకానికి పెట్టాను. దాన్ని చూస్తుంటే ఆ గట్టు గుర్తొస్తోంది. నేను పాటించిన మర్యాదా, తప్పిన మర్యాదా రెండూ ఒక్కసారే గుర్తొస్తున్నాయి.

మేక తంతు అయిపోయాక మీ కళ్ళ ముందుకి రాను. అత్తయ్యకి కావలసినవి మీ అబ్బాయితో పంపిస్తాను.

బోసిబోరి


కెరోకా కొండ,
1998 ఫిబ్రవరి 22

బోసిబోరీ,

ఈ ఉత్తరం ఎలా మొదలుపెట్టాలో తెలియక మూడు కాగితాలు పొయ్యిలో వేశాను. మీ అత్తయ్య, "కాగితాలతో అన్నం ఉడుకుతుందా, కట్టెలు తీసుకురా" అని తిట్టింది. ఇది నాలుగోది.

కారు ఇంటికి వచ్చింది. బచన్ సింగ్ ఇంజను కడిగి, ఆరబెట్టి, లారీ మీద ఎక్కించి పంపాడు. "ముసలోడా, నీ కారు చచ్చిపోలేదు, నువ్వూ చచ్చిపోలేదు, మరి ఈ ఏడుపెందుకు?" అని చీటీ కూడా పెట్టాడు.

సీట్లు పీకి అరటిచెట్ల మధ్య ఎండేశాను. ముందు డాష్‌బోర్డులో చిన్న అర ఉంటుంది చూశావా, దాని తలుపు నీళ్ళకి ఉబ్బి బిగుసుకుపోయింది. మొన్న స్క్రూడ్రైవరుతో కెలికితే ఊడొచ్చింది. బురద, నా పాత లైసెన్సు, కుళ్ళిన వేరుశనగలు, ఒక టార్చి. పచ్చ రంగుది.

దాన్ని పట్టుకుని కారు మెట్టు మీద కూర్చుండిపోయాను.

నాకు గుర్తొచ్చింది. మారిగాట్ దాటే ముందు నా ఎడమ వెనక చక్రం ఊగుతున్నట్టనిపించి ఆగాను. నట్టు చూడ్డానికి వెలుగు కావాలన్నాను. నువ్వు టార్చి తెచ్చి నా చేతికివ్వకుండా బానెట్ మీద పెట్టి నాలుగడుగులు వెనక్కి పోయావు. నేను తీసుకున్నాను. చూశాను. నట్టు గట్టిగానే ఉంది. తర్వాత టార్చి నీకివ్వలేదు. అలవాటుగా ఆ అరలో పడేశాను. అడగడం నీకు మర్యాద కాదు, అడగలేదు.

కొన్నవి రెండు. ఒకటి నా దగ్గర ఉంది. మరి ఏటి అవతల నీ చేతిలో ఎన్ని ఉన్నాయి? జవాబు నాకు తెలుసు. మొమాన్యిలా లెక్కల మాస్టారే కానక్కర్లేదు. అయినా నువ్వు రాయి.

ఇంకొక పని చేశాను. టార్చిని పొయ్యి గట్టు మీద ఎండబెట్టి కొత్త సెల్లులు వేశాను. వెలిగింది. పొద్దు వాలాక మీ అత్తయ్యని అరటిచెట్ల చివర నిలబడమన్నాను. నేను గుమ్మంలో నిలబడ్డాను. "వెలిగించు" అన్నాను. వెలిగించింది.

"రెండు వెలిగించావేం?" అన్నాను.

"ఒకటే కదా ఇచ్చావు! రెండోది నా నోట్లోంచి తీయనా?" అంది.

"ఆర్పి మళ్ళీ వెలిగించు."

మళ్ళీ రెండు. పక్కపక్కనే, ఒకదాని మీద ఒకటి కాస్త ఒరిగి. ఆ చప్టా దగ్గర చూసినట్టే. బస్సుల నాలుగు దీపాలూ అప్పుడు అర్థమయ్యాయి.

కెరూబో టార్చి ఆర్పేసి నా దగ్గరికి వచ్చింది. ఈ నలభై ఏళ్ళలో మొదటిసారి ఆవిడ నన్ను ఏమీ అనలేదు. అని ఉంటే బాగుండేది.

బోసిబోరీ, మేక రోజున నేను పెద్దలందరి ముందు ఏమన్నానో నువ్వు విన్నావు. "లెక్క తెలియని చెయ్యి" అన్నాను. నువ్వు తల దించుకుని నిలబడ్డావు. మొమాన్యి నోరు తెరవబోతే నువ్వు వాడి చొక్కా పట్టుకుని లాగావు. అప్పుడు అది నేరం ఒప్పుకోవడం అనుకున్నాను.

నా ఒంటి మీద బట్ట లేకుండా చూశావని సిగ్గుపడ్డాను. మేకతో అది కడిగేశారు. ఇప్పుడు పట్టుకున్న సిగ్గుకి ఏ మేకని కోయాలో పెద్దలు చెప్పలేదు.

మోకువా


నకూరు,
1998 మార్చి 8

మామయ్యగారికి,

నా చేతిలో ఒకటే ఉంది. మీరు రమ్మనే పరిస్థితి ఉంటే వెనక్కి నడిచొచ్చి దారి చూపేదాన్ని. నడుం దాకా ఉన్న నీళ్ళు నేను అవతలికి చేరేసరికి ఇంకా పెరిగాయి. అందుకే ఒకటి వెలిగించి, చెయ్యి కదపకుండా పట్టుకున్నాను.

మీ కారు దీపాలు వెలిగాయి. గేరు పడిన చప్పుడు నాకు వినిపించింది, ఏటి హోరులో కూడా. 404 మొదటి గేరు చప్పుడు నేను నిద్రలో కూడా పోల్చుకోగలను. అప్పుడు "ఆగండి" అని అరవాలి. నా నోరు తెరుచుకుంది మామయ్యగారూ. మాట గొంతు దాకా వచ్చింది. మామని గొంతెత్తి పిలవకూడదు అని చిన్నప్పటి నుంచి మా అమ్మ నా చెవుల్లో పోసింది అడ్డం పడింది. అరవలేదు. టార్చి ఇంకా ఎత్తుగా పట్టుకున్నానంతే. ఇంకో క్షణానికి మీ దీపాలు పక్కకి తిరిగిపోయాయి.

నీళ్ళలోకి దూకేటప్పుడు ఏ మర్యాదా గుర్తు రాలేదు. ఒక్క కేక ముందు వేసి ఉంటే దూకాల్సిన పనే లేదు.

అందుకే తప్పు నాదే అని చెప్పాను. మీ పరువు కాపాడాలని చెప్పానని అత్తయ్య అనుకుంటోంది, మొమాన్యీ అలాగే అనుకుంటున్నారు. కొంత అదీ నిజమే. సంఘం వాళ్ళ ముందు, ఆడవాళ్ళ లెసోలో చుట్టుకుని, వణుకుతూ ఉన్న మీకు "కళ్ళు కనబడవు" అన్న మాట కూడా తగిలించడం నావల్ల కాలేదు. కానీ మిగతా సగం నా సొంత సిగ్గు. మీరు నన్ను తిడుతుంటే ఒక రకంగా తేలిగ్గా ఉండేది.

టార్చి మీ దగ్గరే ఉంచుకోండి. డాట్సన్‌కి బేరం కుదిరేలా ఉంది, ఈ నెలాఖరుకి ఒకాయన వచ్చి చూస్తానన్నాడు.

బోసిబోరి


కెరోకా కొండ,
1998 మార్చి 22

కోడలు బోసిబోరికి,

డాట్సన్ అమ్మకు. ఇది ముందు చదువు. మిగతాది తర్వాత చదువు.

కీసీలో కంటి డాక్టరు దగ్గరికి పోయాను. చిన్నపిల్లాడు. నా కంట్లోకి పెన్సిలంత లైటు కొట్టి "ఎన్ని?" అన్నాడు. "రెండు" అన్నాను. "ఒకటే తాతా" అన్నాడు. "తెలుసు, మా ఆవిడ చెప్పింది" అన్నాను. కంట్లో పొర పెరిగిందట, ఒకదాన్ని రెండుగా చూపిస్తుందట. కోసి తీస్తానన్నాడు. నా వంతు వచ్చేదాకా ఆగాలి. "అప్పటిదాకా బండి తోలకు" అన్నాడు. తోలనని మాటిచ్చాను. నా నోటి నుంచి ఆ మాట వస్తుందని నేను అనుకోలేదు.

ఆదివారం నకూరు వచ్చాను. బస్సులో, కిటికీ పక్కన కూర్చుని, ఒకరు తోలుతుంటే చూస్తూ. మీ ఇంటికి రాలేదు. మీ వీధి మొదట నిలబడ్డాను, నీ డాట్సన్ బయట ఉండడం చూశాను, అడుగు ముందుకి పడలేదు. నిన్ను చూసి ఏమని పలకరించను? "టీ తాగారా" అంటావు, నేను "తాగాను" అంటాను, అంతేగా.

సంఘం సమావేశానికి మాత్రం పోయాను. అందరూ కార్లు తోముకుంటున్నారు. బచన్ సింగ్ "అరే, నీళ్ళలో మునిగిన కెప్టెన్ వచ్చాడు!" అన్నాడు. నవ్వారు. నవ్వనిచ్చాను. తర్వాత పచ్చ టార్చి అతని చేతిలో పెట్టి, అందరూ వినేలా చెప్పాను. కోడలు ఒకటే చూపించింది. ముసలి మోకువా కళ్ళకి రెండు కనిపించాయి. రెండో టార్చి మోకువా కారులోనే పడి ఉంది. తప్పు ఆ అమ్మాయిది కాదు, నాది. నేను రాసిన ఉత్తరం చింపేయండి.

పళ్ళ డాక్టరు బెంచీ మీద జరిగి నాకు చోటిచ్చాడు. అది అన్నిటికన్నా కష్టంగా అనిపించింది. నవ్వి ఉంటే తిరిగి తిట్టేవాణ్ణి.

మన ఊళ్ళో పెద్దల దగ్గరికీ పోయి ఇదే చెప్పాను. అందరిలోకీ పెద్దాయన ఒన్యాంచా నన్ను ఎదురుగా కూర్చోబెట్టి, "మరి ఇప్పుడేం కావాలి మోకువా?" అన్నాడు. కోడలు తోలే కారులో కూర్చోవచ్చా అని అడిగాను. ఆయన నా వైపు చూసి చూసి, "ఒరేయ్, ఆ పిల్ల నిన్ను వీపు మీద మోసింది. దానికే మేక సరిపోయింది. మధ్యలో సీటు వీపు అడ్డం ఉంటే మళ్ళీ మేకెందుకురా? ముందు సీట్లో కెరూబోని కూర్చోపెట్టు, నువ్వు వెనక పడుండు" అన్నాడు.

కాబట్టి సంఘం పత్రికలో నా పరిచయం మళ్ళీ వెయ్యాలి. ఇలా రాయి. పేరు మోకువా ఒంబాసా. వయసు మిడతల ఏడు నుంచి లెక్కేసుకోండి. లారీ తోలాను, ఒకసారి ఏట్లో కొట్టుకుపోయాను. ఒకదాన్ని రెండుగా చూస్తాను. కారు బూడిదరంగు ప్యూజో 404, తోలేది కోడలు బోసిబోరి. ఈ చివరి ముక్క పెద్ద అక్షరాల్లో వేయించు. సిగ్గుపడి చిన్నవి వేయించావంటే ఊరుకోను.

కారు స్టార్టవుతోంది. తాళం చెవి మీ అత్తయ్య దగ్గర ఉంది, ఆవిడ చేతి నుంచి తీసుకో. సంఘం మళ్ళీ బరింగో పోతుందట. మొమాన్యిని ఇంట్లో వదిలిరా, లేదా ఒక బకెట్ ఇచ్చి తీసుకురా.

ఏరు అడ్డొస్తే కర్ర పట్టుకుని దిగేది నేను. లోతు తెలుసుకోవడానికి కళ్ళక్కర్లేదు, కాళ్ళు చాలు. నువ్వు స్టీరింగు దగ్గర ఉండు. టార్చి వద్దు. నేను తప్పుగా పోతున్నానని నీకనిపిస్తే అరువు. మామయ్యగారూ అని కాదు, ఆ మాట నోట్లోంచి వచ్చేలోపు మనిషి కొట్టుకుపోతాడు. "ఆగు మోకువా!" అని అరువు. పేరు పెట్టే అరువు, గట్టున ఎవరు విన్నా సరే.

నేను ఆగుతాను.

మోకువా